నాన్నకు రెండు ఫైళ్లు

2024 జూలై 21, లష్కర్ బోనాల ఆదివారం. వీధిలో డప్పులు మోగుతున్నాయి. నాన్న పడుకోలేక, వీపు వెనక రెండు దిండ్లు పెట్టుకుని మంచం మీద కూర్చున్నాడు. వెల్లకిలా పడుకుంటే ఊపిరి అందడం లేదన్నాడు. పాదాలు చూస్తే చెప్పుల పట్టీల అచ్చులు లోపలికి దిగబడి ఉన్నాయి. మూడు రోజులుగా అలాగే ఉన్నాయట, పండగ పూట ఎందుకులే అని చెప్పలేదట. ఊరేగింపుల మధ్య చిలకలగూడ దాటడానికే మా ఆటోకు నలభై నిమిషాలు పట్టింది.

అత్యవసర విభాగంలో ఒక కుర్ర డాక్టరు నాడి పట్టుకుని చాలాసేపు వదల్లేదు. గుండె పై గదులు లయ తప్పి వణుకుతున్నాయని, దాన్ని ఏట్రియల్ ఫిబ్రిలేషన్ అంటారని చెప్పారు. ఎకోలో ఈఎఫ్, అంటే గుండె కింది గదిలోని రక్తంలో ఒక్కో కొట్టుకు బయటికి నెట్టే శాతం, 35 వచ్చింది. "గుండె 35 శాతమే పనిచేస్తోందట" అని అమ్మ వరండాలో కూలబడింది. ఆ లెక్కలో ఆరోగ్యంగా ఉన్నవాళ్లకైనా వంద రాదనీ, 55 నుంచి 70 దాకా ఉంటే మామూలేననీ నెల తర్వాత తెలిసింది. ఆ మాట అప్పుడే ఎవరైనా చెప్పి ఉంటే అమ్మ ఆ రాత్రి రెండు ముద్దలైనా తినేది.

నాన్నకు అప్పటికి 73 ఏళ్లు. ఆర్టీసీలో కండక్టరుగా చేరి, కంట్రోలరై, 2009లో రిటైరయ్యాడు. బీపీ ఇరవై ఏళ్లుగా ఉంది. మాత్రలు ఒంట్లో బాగోలేనప్పుడు వేసుకునేవాడు, బాగున్నప్పుడు మానేసేవాడు. బీపీకి అదే వైద్యమని ఆయన గట్టి నమ్మకం.

ఐసీయూలో మూడో రాత్రి ఫోను వచ్చింది, "మీ పేషెంటు గొడవ చేస్తున్నారు, రండి" అని. వెళ్లేసరికి చేతికున్న సూది పీకేసుకుని, కేరళ నుంచి వచ్చిన నర్సమ్మతో ఉర్దూలో వాదిస్తున్నాడు. ఆమె డిపో క్యాషియరట, లెక్కలో పన్నెండు రూపాయలు తక్కువ చూపిస్తోందట. నన్ను చూసి "తల్లీ, నువ్వెందుకు వచ్చావు, ఇది డ్యూటీ టైము" అన్నాడు. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఐసీయూలో పెద్దవాళ్లకు ఇలా అవుతుందని, డెలిరియం అంటారని, వార్డుకు మార్చి పగటి వెలుగు తగిలితే సర్దుకుంటుందని డాక్టరు చెప్పారు. సర్దుకుంది. కానీ ఆయనలో కొంత ఆ ఐసీయూలోనే మిగిలిపోయిందని నాకు అనిపించింది. ఎవరితో అన్నా "ఆసుపత్రి అలసట" అన్నారు.

జూలై 27న డిశ్చార్జి. యాంజియోగ్రాంతో కలిపి బిల్లు 1,86,000. తమ్ముడి కంపెనీ బీమాలో అమ్మానాన్నల పేర్లు ఉండబట్టి మా చేతి నుంచి 41,000 పడింది. రోజుకు తొమ్మిది మాత్రలు. రోజూ పొద్దున బరువు చూడాలి. రెండు మూడు రోజుల్లో రెండు కిలోలు పెరిగితే ఒంట్లో నీరు చేరినట్టు, వెంటనే ఫోను చేయాలి. ఉప్పు తగ్గించాలి. ఆ ఏడాది పెట్టిన ఆవకాయ జాడీని అమ్మ పక్కింటికి పంపించేసింది. మాకు అది చిన్న త్యాగం కాదు.

ఇక్కడే నేనొక తప్పు చేశాను. మాత్రల బాధ్యత నాన్నకే వదిలేశాను. ముప్పై ఏళ్లు పైసా తేడా లేకుండా టికెట్ల లెక్క అప్పగించిన మనిషి తొమ్మిది మాత్రలు చూసుకోలేడా అనుకున్నాను. దసరా తర్వాత మందుల డబ్బా సర్దుతూ పట్టీలు లెక్కపెడితే, రక్తం గడ్డకట్టకుండా రోజూ రెండు పూటలా వేసుకోవలసిన అపిక్సబాన్ ముప్పై నాలుగు మిగిలి ఉంది. అదే సమయంలో నీరు పోయే మాత్ర పదకొండు ఎక్కువ ఖర్చయింది. అడిగితే, వేసుకున్నానో లేదో గుర్తురానప్పుడల్లా "చిన్నదే కదా" అని ఆ చిన్న మాత్ర మళ్లీ వేసుకున్నానన్నాడు. తర్వాత వారం నీరసం, తడబాటు. భయపడి ఆ మాత్ర అసలే మానేశాడు. నాకు చెప్పకుండా అమ్మ కూడా మానిపించింది. నవంబరు 5న మళ్లీ అడ్మిషను, నాలుగు రోజులు, 62,000.

గుండె డాక్టరు మంచివారే. కానీ "మాత్రలు సరిగ్గా వేసుకోవాలి పెద్దాయనా" అని నాన్నకు చెప్పి పంపేశారు. మాట ఎవరితో చెబుతున్నామో చూసుకోలేదు. మరుపు గురించి నేను ఎత్తితే "73 కదమ్మా" అన్నారు.

డిసెంబరు 9, సోమవారం. కళ్లజోడు కాడ విరిగిందని నాన్న మధ్యాహ్నం మూడింటికి కోఠి వెళ్లాడు. రాత్రి ఎనిమిదయినా రాలేదు. ఫోను ఇంట్లోనే ఉంది. తొమ్మిదీ నలభైకి తెలియని నంబరు నుంచి ఫోను వచ్చింది. కొండాపూర్ నుంచి. కోఠిలో సికింద్రాబాద్ బస్సు ఎక్కవలసినవాడు 127కె ఎక్కాడు. ఆ రూటులో ఆయన ఆరేళ్లు టికెట్లు కొట్టాడు. చివరి స్టాపులో దిగకుండా కూర్చుంటే కండక్టరు జేబులో పాత ఐడీ కార్డు చూసి, కంట్రోలరు దగ్గరకు తీసుకెళ్లి టీ తాగించాడట. నేను వెళ్లేసరికి ఇద్దరూ వేతన సవరణల గురించి మాట్లాడుకుంటున్నారు. నాన్న ప్రశాంతంగా ఉన్నాడు. బైకు మీద నా వెనక కూర్చున్నాక మాత్రం, ప్యారడైజ్ దాటాక, "రూటు మరిచిపోలేదు తల్లీ. ఏ బస్సు ఎక్కాలో తేల్చుకోలేకపోయాను. అందరూ ఎక్కుతుంటే ఎక్కేశాను" అన్నాడు.

డాక్టర్లకు నేను మూడు పేజీల్లో రాసిచ్చిన దానికన్నా ఆయన జబ్బు ఆ మాటలోనే ఎక్కువ ఉంది. అప్పటికి నాకది తెలియదు.

మరునాడే న్యూరాలజిస్టు అపాయింట్‌మెంటు అడిగితే డిసెంబరు 30 ఇచ్చారు. ఇరవై రోజులు. ఆ రోజు పదకొండింటికి టోకెను, మధ్యాహ్నం రెండూ పదికి పిలుపు. ఫీజు 900. కానీ గదిలో యాభై నిమిషాలు కూర్చోబెట్టారు, అది ఊహించలేదు. పరీక్ష మొత్తం తెలుగులోనే. పదకొండూ పది చూపించేలా గడియారం వేయమన్నారు. నాన్న గుండ్రంగా, అంకెలన్నీ పద్ధతిగా వేశాడు. ముళ్లు మాత్రం ఒకటి పదకొండు మీద, ఒకటి పది మీద పెట్టాడు. అయిదు మాటలు చెప్పి కాసేపాగి అడిగితే రెండే చెప్పాడు. "ఒకటి పువ్వు పేరు", "ఒకటి రంగు" అని అందిస్తే మిగతావి చెప్పేశాడు. నిమిషంలో ఎన్ని జంతువులు చెప్పగలరంటే ఆవు, గేదె, మేక, కుక్క, పిల్లి దగ్గర ఆగిపోయి నా వైపు చూశాడు. డాక్టరు కాగితం పక్కన పెట్టి, "49ఎం స్టాపులు చెప్పండి" అన్నారు. ప్యారడైజ్, రసూల్‌పుర, బేగంపేట... మెహదీపట్నం దాకా ఊపిరి తిప్పుకోకుండా చెప్పాడు.

ముప్పైకి పదిహేడు. మాటలు లోపల నిల్వ ఉన్నాయి, వెతికి బయటికి తీయడమే నిదానించింది అన్నారు డాక్టరు. అల్జీమర్స్‌లోనైతే సాధారణంగా అందించినా రావట. "గుండె ఫైలు తెచ్చారా?" అని అడిగారు. తేలేదు. మెదడు డాక్టరు దగ్గరకు గుండె ఫైలు ఎందుకు అనుకుని ఇంట్లో వదిలి వచ్చాను.

జనవరి 3న ఎమ్మారై, 7,500. ఆ డబ్బా మోతకు నాన్న భయపడతాడనుకున్నాను. "పాత అశోక్ లేలాండ్ ఇంజను ఇంతకంటే ఎక్కువ మోగేది" అన్నాడు. బి12, థైరాయిడ్, సోడియం పరీక్షలకు 2,100. ఇవి ఎందుకంటే, సరిచేయగలిగిన లోపాలు కూడా మతిమరుపులాగే కనిపిస్తాయట. సోడియం కొంచెం తక్కువగా ఉంది, నీరు పోయే మాత్ర వల్ల కావచ్చన్నారు.

జనవరి 8న ఎమ్మారై తెర మీద చూపించారు. మెదడు లోపలి భాగంలో తెల్లటి మచ్చలు, అక్కడక్కడ ఆవగింజంత, శనగగింజంత నల్లటి గుంటలు. "ఎప్పుడైనా పక్షవాతం వచ్చిందా?" అని అడిగారు. రాలేదన్నాను. "వచ్చింది. చాలాసార్లు వచ్చింది. చెయ్యీ కాలూ పడిపోని చోట వచ్చింది కాబట్టి మీకు తెలియలేదు" అన్నారు. గుండె పై గది వణుకుతున్నప్పుడు రక్తం అక్కడ నిలిచి గడ్డకడుతుంది. పెద్ద ముక్క మెదడుకు వెళితే పక్షవాతం, నలుసులు వెళితే ఇలాంటి గుంటలు. ఏళ్లకేళ్లు అదుపులేని బీపీ మెదడులోని సన్నటి రక్తనాళాలను గిడసబారుస్తుంది, ఆ తెల్లమచ్చలు దాని పని. పైగా మెదడు బరువు ఒంట్లో యాభయ్యో వంతే అయినా గుండె పంపే రక్తంలో అయిదో వంతు దాకా దానికే కావాలి. పంపు బలహీనపడితే ముందు ఇబ్బంది పడేవాటిలో అదొకటి. రోగం పేరు వాస్కులర్ డిమెన్షియా, అంటే రక్తనాళాలు దెబ్బతిని వచ్చే మతిమరుపు. కొంత అల్జీమర్స్ కూడా కలిసి ఉండవచ్చు, ఈ వయసులో రెండూ కలిసి రావడం మామూలేనన్నారు.

ముప్పై నాలుగు అపిక్సబాన్ మాత్రలు గుర్తొచ్చాయి. ఆ మందు ప్రభావం సుమారు పన్నెండు గంటలకే సగానికి తగ్గుతుందట. ఆ గుంటల్లో ఒకటైనా ఆ వారాల్లో పడిందా అని అడిగాను. పాతవేనమ్మా, చాలావరకు, అన్నారు. ఆ "చాలావరకు" ఇప్పటికీ నన్ను వదల్లేదు.

మాటల మధ్య నాన్నకు ఉర్దూ వచ్చని తెలిసి డాక్టరు ఒక సంగతి చెప్పారు. మన హైదరాబాద్ నిమ్స్ ఆసుపత్రిలోనే 648 మంది డిమెన్షియా రోగులను పరిశీలిస్తే, రెండు భాషలు మాట్లాడేవాళ్లకు జబ్బు సగటున నాలుగున్నరేళ్లు ఆలస్యంగా మొదలైందట. 2013లో ఆ ఫలితాలు అచ్చయ్యాయట. ఇంటికొచ్చి అమ్మకు చెప్పాను. "అయితే ఆ నాలుగున్నరేళ్లు మనకు తెలియకుండానే వాడేసుకున్నారన్నమాట" అంది.

ఆ రాత్రి నిద్ర పట్టక ఫోనులో చదువుతూ కూర్చున్నాను. తగ్గించుకోగల కారణాలు పద్నాలుగని, వాటన్నిటినీ సరిచూసుకోగలిగితే దాదాపు 45 శాతం డిమెన్షియాను నివారించడమో వాయిదా వేయడమో సాధ్యమని 2024లో లాన్సెట్ అనే వైద్య పత్రిక వేసిన నిపుణుల కమిషన్ లెక్క కట్టింది. జాబితా చదువుతుంటే నాన్న సర్వీసు రిజిస్టరు చదువుతున్నట్టే ఉంది. బీపీ. చెడు కొలెస్ట్రాల్. 2001 దాకా సిగరెట్లు. ఇంజను పక్కన కూర్చుని మందగించిన చెవులు. కలుషితమైన గాలి. గుండె జబ్బు పేరు విడిగా లేదు కానీ, గుండెను పాడుచేసేవి చాలావరకు అక్కడే ఉన్నాయి. ఆ రాత్రి అది చదవకుండా ఉండవలసింది.

అసలు దెబ్బ ఇక్కడ తగిలింది. న్యూరాలజిస్టు జనవరి 9 నుంచి మరుపుకు డోనెపెజిల్ అనే మందు 5 మిల్లీగ్రాములు మొదలుపెట్టారు, ముందు ఈసీజీ చూసే. జనవరి 17న గుండె డాక్టరు దగ్గర మామూలు చెకప్. గుండె వేగం ఎక్కువగా ఉందని మెటోప్రొలాల్ 25 నుంచి 50 చేశారు. "కొత్త మందులేమైనా వాడుతున్నారా?" అని అడిగారో లేదో నాకు గుర్తులేదు; అడిగినా, అది మెదడు మందు కదా, చెప్పి ఉండను. మెదడు ఫైలు నీలం రంగుది, గుండె ఫైలు ఎర్రది. నీలం ఫైలు ఇంట్లో ఉంది.

జనవరి 28 తెల్లవారుజామున స్నానాల గదిలో చప్పుడు. నాన్న గోడకు చేరబడి కూర్చుని ఉన్నాడు, ముఖం పాలిపోయింది. బీపీ యంత్రంలో నాడి 41. రక్తం పలుచబడే మందు మీద ఉన్న మనిషి తలకు దెబ్బ తగిలితే లోపల రక్తస్రావం కావచ్చని తలకు స్కాను తీశారు, 3,200. దేవుడి దయ, ఏమీ లేదు. మెటోప్రొలాల్ గుండె వేగాన్ని తగ్గిస్తుంది, డోనెపెజిల్ కూడా తగ్గించగలదు. విడివిడిగా ఎవరూ తప్పు రాయలేదు. ఒకరు రాసింది ఇంకొకరికి చూపించవలసిన మనిషిని నేను.

డోనెపెజిల్ ఆపేశారు. రక్తనాళాల వల్ల వచ్చిన మరుపులో దాని ఉపయోగం అంతంతమాత్రమేనని, బీపీ, గుండె లయ, రక్తం గడ్డల మందు క్రమం తప్పకపోవడమే అసలు చికిత్స అని న్యూరాలజిస్టు అన్నారు. అదే రోజు స్టేషనరీ కొట్టులో ఒక లావు ఫైలు కొన్నాను, 160 రూపాయలు. ఎర్రదీ నీలందీ విప్పి తేదీల వరసలో కలిపి గుచ్చాను. పైన ఒకే కాగితం: మందు పేరు, మోతాదు, ఏ పూట, ఎవరు ఎప్పుడు మార్చారు. ఏ డాక్టరు ముందు కూర్చున్నా మొదట ఆ కాగితమే బల్ల మీద పెడతాను. ఒకాయన విసుక్కున్నారు కూడా. పెట్టడం మానలేదు.

మాత్రలు ఇంకా తేలలేదు. ఇరవై ఎనిమిది గళ్ల డబ్బా 240కి కొన్నాను. నాన్న ముందురోజు గడులు తెరిచి చూసి, తక్కువయ్యాయని గొడవపడేవాడు. నేను చేతికిస్తే అనుమానం, అమ్మ ఇస్తే అలక. ఒకరోజు విసిగిపోయి, కండక్టర్లు టికెట్ల లెక్క రాసే ఎస్ఆర్ కాగితంలా గీతలు గీసి ఇచ్చాను: పూట, మొదటి అంకె, చివరి అంకె, సంతకం. ఆయన కళ్లజోడు పెట్టుకుని దాన్ని పైనుంచి కిందికి చూసి, "తేదీ గడి లేదు" అని పెన్ను తీసుకుని తానే గీశాడు. అప్పటి నుంచి మాత్ర తప్పలేదు. తొమ్మిది నెలల కాగితాలు సంచిలో ఉన్నాయి, అంకెలు వంకరపోతూ వస్తున్నాయి కానీ ఉన్నాయి.

రాత్రిళ్లు వేరే కథ. మూడున్నరకు లేచి ఖాకీ చొక్కా వెతికేవాడు, మొదటి డ్యూటీ అని. తలుపు పై గడియకు తాళం వేశాం. నెల రోజులు అమ్మా నేనూ వంతులవారీగా మేలుకున్నాం, ఆఫీసులో కుర్చీలోనే కునుకుతీశాను. ఏప్రిల్‌లో కాగితం చూస్తున్న డాక్టరు "టోర్సెమైడ్ సాయంత్రం ఎందుకిస్తున్నారు?" అన్నారు. రెండో అడ్మిషనులో అలా రాశారు, అలాగే ఇస్తున్నాం. నీరు పోయే మాత్ర సాయంత్రం పడితే రాత్రి మూత్రానికి లేస్తాడు, లేచాక చీకట్లో దిక్కు తెలియక డ్యూటీ అనుకుంటాడు. పొద్దున ఎనిమిదికి మార్చాం. వారంలో రాత్రి తిరుగుడు సగం తగ్గింది. రూపాయి ఖర్చు లేదు.

ఇలాంటిదే ఇంకొకటి. మే నెలలో జలుబు చేస్తే మందుల కొట్టతను మామూలు జలుబు మాత్ర ఇచ్చాడు, నిద్ర వచ్చే రకం. రెండు రోజులు నాన్న నన్ను మా మేనత్త పేరుతో పిలిచాడు. ఆ రకం మాత్రలు ముసలివాళ్ల మెదడును మసకబారుస్తాయట. మోకాలి నొప్పి మాత్రలూ అంతే, ఆయన గుండెకు నీరు పట్టిస్తాయి, రక్తం పలుచబడే మందు మీద ఉన్నవాళ్లకు కడుపులో రక్తస్రావం తెస్తాయి. ఇప్పుడు కొట్టుకు కూడా కాగితం తీసుకునే వెళతాను.

ఖర్చు అడుగుతారు కాబట్టి చెబుతున్నాను. మందులకు మొదట్లో నెలకు 5,800 అయ్యేది. జన ఔషధి కొట్టులో దొరికేవి అక్కడ కొంటే 3,400కు దిగింది. జూన్ నుంచి పగలు చూసుకోవడానికి ఒకామెను పెట్టాం, నెలకు 20,000. బీమా ఇందులో పైసా ఇవ్వదు, ఆసుపత్రిలో పడుకుంటేనే ఇస్తుంది. నాన్న పింఛను ఆమె జీతంలో ఏడో వంతు కూడా లేదు. తమ్ముడు పుణె నుంచి సగం పంపుతాడు; మిగతా సగం గురించి మేమిద్దరం రెండుసార్లు ఫోనులో అరుచుకున్నాం, తర్వాత మానేశాం.

2025 నవంబరు 18న చివరి చెకప్. ఈఎఫ్ 42. మతి పరీక్షలో పదహారు. గుండె ఏడు అంకెలు కోలుకుంది, మెదడు ఒకటి పోగొట్టుకుంది. పోయింది తిరిగి రాదు, ఇక్కడ నిలబెడితే అదే గొప్ప అన్నారు డాక్టరు.

వెళ్లేటప్పుడు బస్సులోనే వెళ్లాం. ఆటోలో ఆయన ఆందోళనపడతాడు, బస్సులో కుదురుగా ఉంటాడు. కండక్టరమ్మ నా ఆధార్ చూసి జీరో టికెట్ కొట్టి ఇచ్చింది. నాన్న ఆ కాగితం నా చేతిలోంచి తీసుకుని చూశాడు. సున్నా. ఆడవాళ్లకు ఉచితమని రెండేళ్లుగా చెబుతూనే ఉన్నాను. "అమ్మా, ఈమె నా కూతురే, అయినా డబ్బులు తీసుకో. రేపు స్క్వాడ్ ఎక్కితే నీ ఉద్యోగం పోతుంది" అన్నాడు ఆమెతో. ఆమె నవ్వలేదు. ఏ డిపో పెద్దాయనా మీది అని అడిగింది. చెప్పాడు.

ఆ రాత్రి మాత్రలయ్యాక కాగితం నా ముందు పెట్టాడు. ఎనిమిది గంటల గడి పక్కన ఖాళీలో "తనిఖీ" అని రాసి ఉంది. సంతకం పెట్టమన్నాడు. పెట్టాను.